దూది బేలుకు ఒడి నింపిన మనిషి

దుర్గాబాయికి ఇద్దరూ మగపిల్లలే. అది అదృష్టమని ఎవరైనా అంటే ఆమెకు ఒళ్ళు మండేది. ఆడపిల్ల ఉన్న తల్లి మూడేళ్ళకో ఐదేళ్ళకో కూతుర్ని పుట్టింటికి పిలిపించి, కొత్త చీర కట్టించి, పసుపు కలిపిన బియ్యం, పసుపు కొమ్ములు, ఎండు కొబ్బరి కుడుకలు ఒళ్ళో పోసి అత్తారింటికి సాగనంపుతుంది. ఒడిబియ్యం అంటారు దాన్ని. వాడకట్టులో ఎవరింట్లో ఒడిబియ్యం పోస్తున్నా దుర్గాబాయి అందరికంటే ముందు పోయి కూర్చునేది, అందరికంటే వెనక లేచేది. కొడుకులు ముసలితనాన ముద్ద పెడితే పెడతారేమో గాని ఒడి నింపే ముచ్చట మాత్రం తీర్చలేరని నిట్టూర్చేది. ముచ్చట తీరని మనిషి ఊరుకుంటుందా? చివరికి పోయి పోయి ఒక దూది బేలుకు ఒడి నింపింది. చెప్పుకుంటే నవ్వు రావాల్సిన సంగతే. దాని వల్ల ఎవరి బతుకు ఏమైందో తెలిసినవాళ్ళకు మాత్రం నవ్వు రాదు.

ఇది తొంభై ఆరు నాటి మాట. మేడ్చల్ రైల్వే స్టేషన్ వెనక దేవేందర్ సేటుకు ఒక రేకుల గోదాము ఉండేది. నూలు మిల్లుల్లో దూదిని దువ్వే యంత్రాలుంటాయి. అవి పొడుగు పోగును నూలు కోసం ఉంచుకుని పొట్టి పోగును కింద రాలుస్తాయి. చూడడానికి మల్లెపూవులా తెల్లగా ఉంటుంది గాని దాంతో సన్న నూలు రాదు, అందుకని మిల్లు వాళ్ళకు అది వేస్టు. సేటు ఆ వేస్టును లారీల కొద్దీ కొని, నలభై మంది ఆడవాళ్ళ చేత ఏరించి, ప్రెస్సులో బిగించి, బేళ్ళు కట్టించి పరుపులు కుట్టేవాళ్ళకు అమ్మేవాడు. ఆ ఏడు ఆయనకు కొరియా బేరం తగిలింది. అక్కడొక ఫ్యాక్టరీ ఈ పొట్టి దూదినే కాస్టిక్ సోడా నీళ్ళలో ఉడికించి, తెల్లబరిచి, దవాఖానల్లో గాయాలకు అద్దే దూదిగా చేస్తుందట. మేడ్చల్ చెత్త సముద్రం దాటుతుందంటే ఆడవాళ్ళు ముందు నమ్మలేదు. నమ్మిన తర్వాత కొరియా ఎక్కడుంటుందని వాదులాడుకున్నారు. బొంబాయి అవతలే అని ఒకరు, కాదు దుబాయి పక్కన అని ఒకరు తేల్చేశారు.

గాయాలకు అద్దే దూది గనక కొరియా వాళ్ళ షరతులు కూడా అట్లాగే ఉన్నాయి. దూదిలో తెలుపు తప్ప మరోటి కనబడకూడదు. గింజ తునక, ఆకు పొట్టు, గోనె పీచు, ప్లాస్టిక్ దారం, తలవెంట్రుక, ఏదున్నా సరుకు వెనక్కే. సేటు ఒక అట్టముక్క మీద వద్దన్నవన్నీ రాయించి గోడకు కొట్టించాడు. తలలో పూలు వద్దు, స్టిక్కరు బొట్టు వద్దు, గాజులు వద్దు, ఆకువక్క నమలొద్దు, తలకు గుడ్డ కట్టుకోవాలి. ఇంతమంది ముత్తయిదువలను బోసి నుదుళ్ళతో కూర్చోబెట్టినవాడికి ఏం కలిసొస్తుందని ఆడవాళ్ళు గొణిగారు. ఆ గొణుగుడు సేటు దాకా పోకుండా, అట్టముక్క మీద రాసింది తప్పకుండా చూసుకోవడం మేస్త్రి దుర్గాబాయి పని. ఆమె మొగుడు మొగులయ్య అక్కడే ప్రెస్సు నడిపేవాడు. ఇంటిల్లిపాది కూడు ఆ రేకుల కిందే ఉండేదన్నమాట.

ఏరేవాళ్ళలో దుర్గాబాయికి ప్రాణం ఎలీషమ్మ. మచ్చ బొల్లారంలో చర్చి వెనక సందులో ఉండేది. మొగుడు జయరాజు పోయి మూడేళ్ళయింది. పన్నెండేళ్ళ కూతురు క్రిస్టీనా ఒక్కతే ఆమెకు లోకం. పొద్దున్నే బొల్లారం స్టేషనులో ప్యాసింజరు ఎక్కి మేడ్చల్‌లో దిగేది. ఆమె వేళ్ళకు కళ్ళున్నాయనేవారు గోదాములో. పక్కవాళ్ళతో మాట్లాడుతూ, కుప్ప వైపు చూడకుండానే, దూదిలో దాక్కున్న ప్లాస్టిక్ పోగును రెండు వేళ్ళతో పట్టి లాగేసేది. బొట్టు, పూలు పెట్టుకునే అలవాటు లేదు కాబట్టి సేటు అట్టముక్కతో ఆమెకు పేచీ లేదు. మీ దేవుడు ముందే సేటుతో మాట్లాడుకున్నాడే అని దుర్గాబాయి ఆటపట్టిస్తే నవ్వి ఊరుకునేది. దుర్గాబాయిని ఆమె అక్కా అని పిలిచేది, ఆమె బిడ్డ పెద్దమ్మా అనేది. సద్దుల బతుకమ్మ నాటి సత్తుపిండి మచ్చ బొల్లారం పోయేది, క్రిస్మస్‌కు వండిన గులాబీపూల పిండివంటలు మేడ్చల్ వచ్చేవి. ఇద్దరిదీ ఒకే టిఫిన్ డబ్బా అన్నట్టు తినేవాళ్ళు.

మొదటి కంటైనరుకు సరుకు సిద్ధమవుతున్న వారంలో ఎలీషమ్మ ఏరిన దూదిని ప్రెస్సు పక్కన పోస్తూ ఉంది. బేలు చుట్టూ బిగించే ఇనుప పట్టీ ఒకటి తెగి విసురుగా వచ్చి ఆమె కుడి అరచేతిని చీల్చింది. దుర్గాబాయి పరుగున పసుపు తెచ్చి గాయం నిండా అద్ది, ఏరిన దూదే ఒక ముద్ద పెట్టి కట్టు కట్టింది. దవాఖానకు పొమ్మంటే ఎలీషమ్మ వినలేదు. కంటైనరు పోకముందే పని మానేస్తే ఆ చోట్లో ఇంకొకరు వచ్చి కూర్చుంటారని ఆమె భయం. ఆ భయం తప్పని ఎవరూ అనలేరు, గోదాము గేటు బయట పని కోసం రోజూ పదిమంది నిలబడేవాళ్ళు. మర్నాడు కట్టుతోనే వచ్చి ఎడమచేత్తో ఏరింది. ఎడమచెయ్యి అలిసినప్పుడు కుడిచెయ్యి కూడా వాడింది.

చివరి బేలు ఒకటి మిగిలింది. సాయంత్రమైంది, ఆడవాళ్ళంతా బస్సులకూ రైలుకూ వెళ్ళిపోయారు. మొగులయ్య ప్రెస్సు పెట్టెలో దూదిని పొరలు పొరలుగా తొక్కుతున్నాడు. రెండు నెలలుగా పొద్దున లేచింది మొదలు చేతుల్లో మెదిలిన దూది, తెల్లారితే దేశం దాటిపోతుంది. దుర్గాబాయికి ఏమయిందో ఏమో, పెట్టె అంచు పట్టుకుని నిలబడిపోయింది.

"సముద్రం దాటి పోతాంది. వట్టి ఒడితోటి పంపుతమా?" అంది.

దూదికి అత్తగారిల్లు ఎక్కడిదని మొగులయ్య నవ్వాడు. నవ్వాడే గాని వద్దనలేదు. పెళ్ళాం ముచ్చట ఆయనకు తెలియంది కాదు.

చేసింది పిచ్చిపనే అయినా దుర్గాబాయి మేస్త్రి బుర్రతోనే చేసింది. బియ్యం పోద్దామనుకుని మానేసింది, గింజ కనబడితే చెత్త కింద లెక్క. పసుపు కొమ్ములు వేస్తే అక్కడి యంత్రం పళ్ళకు తగులుతాయి. కుంకుమ ఎర్రగా ఉంటుంది. ఇక మిగిలింది పసుపు. సేటు అట్టముక్క మీద లోకంలో ఉన్నవన్నీ ఉన్నాయి గాని పసుపు పేరు లేదు. ఎందుకుంటుంది? పసుపును మురికి అనేవాళ్ళుంటారా? దెబ్బకు పెట్టేది పసుపు, దెబ్బకు కట్టేది దూది, రెండూ ఒక్క ఇంటివే అనుకుంది. మధ్య పొర మీద రెండు దోసిళ్ళ పసుపు పోసి, మంచిగ బతుకు బిడ్డా అని దీవించి, పైన మళ్ళీ దూది పరిచింది. మొగులయ్య ప్రెస్సు దించాడు. జన్మకు ఒక్క ఒడి నింపాననే తృప్తితో దుర్గాబాయి ఇంటికి పోయి కడుపునిండా తిన్నది.

మర్నాడు ట్రైలరు గోదాము సందు తిరగలేక పెద్ద రోడ్డు మీదే ఆగింది. హమాలీలు బేళ్ళను బండ్ల మీద తోసుకుపోయి ఎక్కించారు. సేటు కొబ్బరికాయ కొట్టి లడ్లు పంచాడు. ఇంకో మూడు కంటైనర్లకు మాట అయిందని, మరో ఇరవై మందిని తీసుకుంటానని చెప్పాడు. ఆడవాళ్ళు లడ్లు కొంగుల్లో ముడి వేసుకుని పిల్లలకు తీసుకుపోయారు.

ఉగాదికి వారం ముందు కొరియా నుంచి కవరు వచ్చింది. ఫ్యాక్టరీలో దూదిని సోడా నీళ్ళలో ఉడికించేసరికి తొట్టిలో అక్కడక్కడా ఎర్రటి మరకలు ముద్దలు ముద్దలుగా తేలాయట. గాయాలకు వాడే సరుకు కాబట్టి మొత్తం కాదంటున్నామని, ఇక మీ దగ్గర కొనబోమని రాశారు. ఒక ఫోటో, చిన్న ప్లాస్టిక్ సంచిలో మరక పడిన దూది జతచేశారు. మరక దేనిదో వాళ్ళు రాయలేదు. ఆ పేరు పెట్టింది సేటు. ఆడవాళ్ళందరినీ ప్రెస్సు ముందర నిలబెట్టి, దవాఖాన దూదిలో నెత్తురు ఎవరిదని అడిగాడు.

ఎవరూ ఎవరి వైపూ చూడకముందే ఎలీషమ్మ ముందుకొచ్చింది.

"సేటూ, నాదే అయ్యుంటది. గా వారం నా చెయ్యి తెగింది. కట్టు తడిసినా నేను ఏరుడు ఆపలే," అంది.

పట్టుబడి ఒప్పుకున్న మాట కాదది. పట్టుకునేవాడు రాకముందే తనంతట తాను చెప్పిన మాట. అట్లాంటి మనిషి ఆమె.

ప్లాస్టిక్ సంచి చేతులు మారి దుర్గాబాయి దగ్గరికి వచ్చింది. ఒక్క చూపుకే ఆమెకు తెలిసిపోయింది. ఎండిన నెత్తురు నల్లబడుతుంది, ఇది నల్లగా లేదు. పెళ్ళికూతురి కాళ్ళకు పెట్టే పారాణి రంగులో ఉంది. పసుపులో సున్నం కలిస్తే ఎర్రబడుతుందని దిష్టి తీసే ఇళ్ళలో పసిపిల్లలకు కూడా తెలుసు. సున్నం చేసే పని అక్కడ సోడా చేసింది. నలభై మందిలో మరొకరికి తట్టలేదంటే కారణం ఒక్కటే, ఎంత పిచ్చిదైనా దూది బేలులో పసుపు పోస్తుందని వాళ్ళెవరూ అనుకోరు.

నోట్లో నువ్వుగింజ నానదని పేరుపడిన దుర్గాబాయి ఆ రోజు తేలు కుట్టిన దొంగలా నిలబడింది. చెప్పాలని నోరు తెరిచింది. ప్రెస్సు దగ్గర మొగులయ్య తల అడ్డంగా ఊపాడు, ఎవరికీ కనబడనంత మెల్లగా. చెబితే ఇద్దరి పనీ ఒక్కనాడే పోతుంది, ఎలీషమ్మదైతే ఒక్కరిదే. ఇంటికి పోయాక ఆయన అన్న మాట అదే. మొదటిరోజు ఆమెను ఆపింది భయం. రెండోరోజు నుంచి సిగ్గు. నిన్న ఎందుకు చెప్పలేదని అడిగితే ఏం చెప్పాలి? రోజు గడిచేకొద్దీ ఆ ప్రశ్న బరువెక్కిందే గాని తగ్గలేదు. ఆలస్యం అమృతం విషం అన్నవాళ్ళు ఊరికే అన్నారా?

ఎలీషమ్మను ఆ పూటే పంపేశారు. గేటు దాటుతుంటే, నీ నెత్తురు మా కూడు తిన్నది కదా అని ఒకామె మెటికలు విరిచింది. నిన్నటి దాకా పక్కన కూర్చున్న మనిషే. ఎలీషమ్మ ఆ మాట నిజమేననుకుంది. సేటు మళ్ళీ పరుపులవాళ్ళ బేరంలో పడ్డాడు. నలభై మంది పన్నెండు మందయ్యారు, మరో రెండేళ్ళకు గోదాముకు తాళం పడింది. కొందరు ద్రాక్షతోటల పనికి, కొందరు కోళ్ళఫారాలకు పోయారు. ఎవరు ఎక్కడ కలిసినా తమ కష్టానికి కారణం ఎలీషమ్మ చెయ్యి అనే చెప్పుకునేవారు. ఆ చెయ్యి కూడా సరిగా మానలేదు. మధ్య వేళ్ళు రెండూ వంకరపోయాయి. ఆమె ఇంటి దగ్గరే కూర్చుని కిరాణా దుకాణాలకు చింతపండులో గింజ తీసిచ్చే పనిలో పడింది.

ఎలీషమ్మ గడప తొక్కడం మానని మనిషి దుర్గాబాయి ఒక్కతే. నెలకోసారి కూరగాయలో, పిల్లకు రిబ్బన్లో పట్టుకుని పోయేది. వట్టి ప్రేమతోనే పోయిందని నేననను, కడుపులో కాలుతున్నది కాళ్ళను నడిపించింది. పోయిన ప్రతిసారీ నిజం నాలుక చివర దాకా వచ్చేది, దాని బదులు అబద్ధం బయటపడేది. అది నీ నెత్తురు కాదే, ఇనుప పట్టీ తుప్పు అయ్యుంటదని ఒకసారి అంది. లారీ డ్రైవరు గుట్కా ఉమ్మి ఉంటాడని ఇంకోసారి అంది. ఎలీషమ్మ విని నవ్వేది. నా మనసు తేలిక చేయడానికి ఎంత కష్టపడతావక్కా అనేది. రెండువేల ఒకటిలో మొగులయ్య, అన్నేళ్ళు పీల్చిన దూది దుమ్ము ఊపిరితిత్తుల్లో కూడబెట్టుకుని, దగ్గి దగ్గి పోయాడు. అప్పుడు పదిరోజులు దుర్గాబాయి పక్కన పడుకుని, బలవంతాన నాలుగు ముద్దలు తినిపించింది ఎలీషమ్మే. తినిపించింది ఆ వంకర చేత్తోనే.

రెండువేల నాలుగు వచ్చేసరికి దుర్గాబాయి శామీర్‌పేటలో ఒక హాస్టలు వంటశాలలో పనిచేస్తున్నది. ఒక పొద్దున చౌరస్తాలో బస్సు దిగితే, తుర్కపల్లి పోయే కంపెనీ బండి కోసం నిలబడిన క్రిస్టీనా కనబడింది. పిల్ల ఇంటర్ అయ్యాక అక్కడి ల్యాబులో గాజు గిన్నెలు కడిగే పనికి కుదిరింది. కౌకూర్ అబ్బాయి శామ్యూల్‌తో పెళ్ళి ఖాయమైందని చెప్పింది. చెబుతున్న ముఖంలో సంతోషం లేదు. ఏమిటని అడిగితే కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

వాళ్ళ చర్చిలో నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఉంటుంది. అందరూ ముందుకు పోయి మోకరించి రొట్టె, ద్రాక్షారసం తీసుకుంటారు. వాళ్ళకు అంతకు మించింది లేదు. గోదాము నుంచి పంపేసిన నాటి నుంచి ఎలీషమ్మ ఆ బల్ల దగ్గరికి పోలేదు. తన నెత్తురు నలభై ఇళ్ళ కూడు పోగొట్టిందని, ఆ చేత్తో ప్రభువు రొట్టె ముట్టలేనని అంటుందట. పాస్టరయ్య ఎన్నోసార్లు చెప్పి చూశాడు. పెళ్ళికి ముందు తల్లితో కలిసి ఒక్కసారి బల్ల తీసుకోవాలని క్రిస్టీనా ఆశ.

"నీ మాటొక్కటే ఇంటది పెద్దమ్మా. నువ్వొచ్చి జెప్పు," అంది పిల్ల.

దుర్గాబాయి మతం వేరు, ఎలీషమ్మ ఇంటికి ఆదివారాలు కాక వారం మధ్య రోజుల్లో పోయే మనిషి. ఈ సంగతి ఆమెకు ఇన్నేళ్ళూ తెలియదు. ఎలీషమ్మకు పని పోయిందని, పేరు పోయిందని బాధపడింది గాని, దేవుడి దగ్గర కూడా చోటు పోయిందని ఎప్పుడూ అనుకోలేదు. ఆ రోజు వంటశాలలో అన్నం మాడబెట్టింది. ఇక చెప్పకపోతే తాను మనిషిని కాననుకుంది. ఆపడానికి మొగులయ్య లేడు, పోతుందని భయపడడానికి గోదాము పని లేదు.

శనివారం మధ్యాహ్నం మచ్చ బొల్లారం పోయింది. ఎలీషమ్మ ముందర చింతపండు కుప్ప, పక్కన గింజల తట్ట. క్రిస్టీనా గడప దగ్గర కూర్చుని బియ్యం చెరుగుతున్నది. దుర్గాబాయి మంచినీళ్ళు కూడా తాగకుండా మొదలుపెట్టింది.

"ఎలీషా, గా మరక నీ నెత్తురు గాదు. నేను పోసిన పసుపు. బేలుకు ఒడి నింపిన. సోడల ఉడికి ఎర్రగయింది. గానాడే నాకు ఎరుకైంది, నోరు తెరవలే."

అంతా చెప్పింది. చివరి బేలు, మొగులయ్య నవ్వు, రెండు దోసిళ్ళ పసుపు, ప్లాస్టిక్ సంచిలో రంగు చూసి గుర్తుపట్టడం, అన్నీ. ఏడేళ్ళు కడుపులో దాచిన మాట కదా, ఆగకుండా వచ్చింది. ఎలీషమ్మ చింతపండు ఒలుస్తూనే విన్నది. విని, చేతులు తుడుచుకుని, చిన్నగా నవ్వింది.

"మొదాలు ఇనుప పట్టీ తుప్పన్నవు. మల్ల డ్రైవర్ గుట్క అన్నవు. ఇయ్యాల పసుపంటున్నవు. దూది బేలుకు ఎవరన్న ఒడి నింపుతరా అక్కా?"

కొడుకుల మీద ఒట్టు అంది దుర్గాబాయి. ఎలీషమ్మ చటుక్కున ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టింది, నా కోసం పిల్లల మీద ఒట్లు వెయ్యకు అని. మొగులయ్య ఉంటే సాక్ష్యం చెప్పేవాడంది. లేనివాళ్ళ మీద మాట పెట్టొద్దని ఎలీషమ్మ మందలించింది. నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు. నిలకడగా ఏడేళ్ళు అబద్ధాలు చెప్పిన నోటితో నిజం చెబితే ఎవరికి తెలుస్తుంది? ఊరడింపు కోసం చెప్పిన తుప్పు, గుట్కా ఇప్పుడు పసుపుకు అడ్డం పడ్డాయి. దుర్గాబాయి రెండు చేతులతో ముఖం కప్పుకుని బావురుమంది. ఆ ఏడుపు చూసి ఎలీషమ్మ కూడా ఏడ్చింది, తన మీద ప్రేమకు ఆమె ఏడుస్తున్నదనుకుని.

"మీ పెద్దమ్మను జూడు బిడ్డా," అంది కూతురితో. "నన్ను బల్లకాడికి పంపాలని పాపం తన మీద ఏస్కుంటాంది. అందరు ఇడిచిపెట్టినా గీమె నన్ను ఇడువలే."

తర్వాత దుర్గాబాయి తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. ఈ అక్క లాంటి మంచి మనసు ఇచ్చినందుకు స్తోత్రమని, ఆమె కొడుకులను చల్లగా చూడమని అడిగింది. ఆ చెయ్యి కింద దుర్గాబాయి తల ఎత్తలేదు. తిట్టినా, జుట్టు పట్టి బయటికి ఈడ్చినా ఇంత బాధ ఉండేది కాదు.

బస్సు దాకా సాగనంపడానికి క్రిస్టీనా వచ్చింది.  స్టాపులో నిలబడ్డాక, ల్యాబులో రోజూ సోడా నీళ్ళతోనే గిన్నెలు కడుగుతానని, ఇంట్లో వంట చేసి పసుపు చేత్తో పోయిన రోజు ఆ నీళ్ళల్లో వేళ్ళు ఎర్రబడతాయని చెప్పింది.

"నువ్వు జెప్పింది నిజమే గద?" అని అడిగింది.

దుర్గాబాయి తల ఊపింది. పిల్ల ముఖం తిప్పుకుంది. బస్సు ఒకటి వచ్చి పోయింది. దుర్గాబాయి ఎక్కలేదు. ఈ పిల్లయినా నాలుగు మాటలు తిడితే బాగుండునని నిలబడింది.

క్రిస్టీనా ఇటు తిరిగింది. "మల్ల జెప్పకు ఆమెకు. నమ్మిందనుకో, బల్ల దొరుకుతది, ఆమెకు నువ్వు లేకుంట పోతవు. నువ్వు గూడ గిట్ల జేసినవంటే మా అమ్మ బతుకది. నేను కౌకూర్ పోతున్న. నెలకోపారి వచ్చి ఆమె పక్కన కూసో. గంతే." పెద్దమ్మా అని మాత్రం అనలేదు.

ఆ పిల్ల చెప్పింది న్యాయమో కాదో నాకు తెలియదు. తల్లి దేవుడి దగ్గరికి పోవాలా, మనిషి దగ్గర ఉండాలా అన్నది ఇరవై ఏళ్ళ పిల్ల బస్సు స్టాపులో తేల్చాల్సి వచ్చింది. తేల్చేలా చేసింది దుర్గాబాయి. ఆ సంగతి ఆమెకూ తెలుసు.

పెళ్ళికి ముందు వచ్చిన నెల మొదటి ఆదివారం దుర్గాబాయి చర్చికి పోయింది. ఎలీషమ్మ ఆమెను చూసి పొంగిపోయి, చెయ్యి పట్టి లోపలికి తీసుకుపోయి, తన పక్కనే కూర్చోబెట్టుకుంది. అవతల క్రిస్టీనా, శామ్యూల్. పాటలయ్యాయి, పాస్టరయ్య మాట అయింది. బల్ల సిద్ధమైందని పిలిచారు. ఒక్కో వరుస లేచి ముందుకు పోతున్నది. వీళ్ళ వరుస వంతు వచ్చింది. శామ్యూల్ లేచాడు. క్రిస్టీనా లేచి తల్లి వైపు ఒక్కసారి చూసింది. ఎలీషమ్మ మోకాళ్ళు పక్కకు తిప్పుకుని వాళ్ళకు దారి ఇచ్చి కూర్చునే ఉంది. వరుస మొత్తంలో ఇద్దరే మిగిలారు.

ముందర మోకరించిన వాళ్ళ వీపులు కనబడుతున్నాయి. ఇప్పుడు లేచి, ఇంతమంది వినేలా, తప్పు నాది అని గట్టిగా చెప్పేయాలనిపించింది దుర్గాబాయికి. పాస్టరయ్య నమ్ముతాడు, పిల్ల సాక్ష్యం చెబుతుంది, ఎలీషమ్మ ఇక నమ్మక తప్పదు. ఆ తర్వాత ఎలీషమ్మ తన ముఖం చూడకపోయినా సరే అనుకుంది. ముందు బెంచీని పట్టుకుంది. లేవబోతూ చుట్టూ ఒకసారి చూసింది.

పరాయి చోట అక్క బెదురుతున్నదనుకుంది ఎలీషమ్మ. జరిగి దగ్గరగా కూర్చుని, ఆమె చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"నేనున్న గదక్కా, పరేషాన్ గాకు," అంది మెల్లగా. "నాకు నువ్వున్నవు, నీకు నేనున్న."

దుర్గాబాయి లేవలేకపోయింది.